అద్దెకిస్తున్నారా... ఏడాది లెక్క చూసుకోండి!

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని అద్దెకిచ్చి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో ఆ అవసరం అంతగా ఉండేది కాదేమో! ఇప్పుడలా కాదు. రిటైరయ్యాక చేతికొచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్ముతో ఓ ఫ్లాటు కొని, నెలనెలా వచ్చే అద్దెనే పెన్షన్‌గా భావించే దంపతులు ప్రతి కాలనీలోనూ ఉంటారు. కింద తాముంటూ పైపోర్షన్ అద్దెకిచ్చి పిల్లల ఫీజులు కట్టేవాళ్లుంటారు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ కూకట్‌పల్లిలోనో, గుంటూరులోనో ఇల్లు కొని పెట్టుకున్నవాళ్లుంటారు.

వీళ్లలో చాలామంది ‘నెలకెంత వస్తోంది’ అన్నదగ్గరే లెక్క ఆపేస్తారు. ‘ఏడాది తిరిగేసరికి ఎంత మిగిలింది’ అని చూసుకునేవారు తక్కువ. అద్దె ఇళ్ల విషయంలో ఓనర్లు నష్టపోయేది ఎక్కువగా ఆ రెండింటి మధ్య తేడాలోనే.

అద్దె ఈఎంఐ కడుతుందా?

‘బ్యాంకు లోను తీసుకుందాం. వచ్చే అద్దెతో ఈఎంఐ వెళ్లిపోతుంది’ - ఫ్లాటు కొనేటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. నిజంగా వెళ్లిపోతుందా?

ఉదాహరణకు 60 లక్షల రూపాయల ఫ్లాటు, నెలకు 18,000 అద్దె అనుకుందాం. ఏడాదికి 2,16,000. అంటే పెట్టిన సొమ్ముమీద 3.6 శాతం. మన నగరాల్లో ఇళ్ల మీద అద్దె రాబడి సాధారణంగా 2 నుంచి 4 శాతం మధ్యే ఉంటుంది కాబట్టి ఇది తక్కువేమీ కాదు. ఇక ఖర్చులు రాసుకోండి. రెండేళ్లకోసారి ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుంటే, ఏడాదికి 9,000 తీసేయాలి. ఇంటిపన్ను 6,000. మూడేళ్లకోసారి రంగులకు 24,000 చొప్పున ఏడాదికి 8,000. గీజరు, మోటారు, లీకేజీలు వగైరా రిపేర్లకు మరో 10,000. మొత్తం 33,000. మిగిలేది 1,83,000. అంటే రాబడి 3 శాతం పైచిలుకు!

ఇప్పుడు లోను సంగతి. 40 లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ అయితే ఈఎంఐ దాదాపు 34,700 రూపాయలు. ఖర్చులు పోను చేతికొచ్చే అద్దె నెలకు 15,250. మిగతా 19,450 జీతంలోంచి తీయాల్సిందే. ఇంటి ధర పెరుగుతుందన్న నమ్మకం ఉంటే కొనుక్కోవచ్చు. తప్పులేదు. కానీ ధర పెరగడం అమ్మినరోజు తేలే విషయం, ఈఎంఐ ప్రతి నెలా వచ్చే విషయం. రిటైర్మెంటు దగ్గర పడ్డవాళ్లు ఈ రెండింటినీ కలిపి చూడకూడదు.

వెయ్యి కోసం 36 వేలు

పై ఫ్లాటునే తీసుకుందాం. 18,000 ఇస్తామని ఓ కుటుంబం వచ్చింది. ఓనరు 19,000కు తగ్గనన్నారు. వాళ్లు వెళ్లిపోయారు. రెండు నెలల తర్వాత 19,000కే మరొకరు దిగారు. గెలిచినట్లేనా? ఆ రెండు నెలల్లో పోయింది 36,000. నెలకు వెయ్యి చొప్పున అది తిరిగి రావాలంటే 36 నెలలు పడుతుంది. అన్నాళ్లూ వాళ్లు ఖాళీ చేయకుండా ఉంటేనే సుమా!

ఏటా అద్దె పెంచేటప్పుడూ ఇదే సూత్రం. 18,000 మీద పది శాతం పెంచితే ఏడాదికి అదనంగా వచ్చేది 21,600. ఆ పెంపు భరించలేక అద్దెకున్నవారు వెళ్లిపోతే ఒక నెల ఖాళీ, కొత్తగా రంగులు, బ్రోకరు కమిషన్... అన్నీ కలిపితే ఆ మొత్తం దాటిపోతుంది. సమయానికి అద్దె ఇచ్చి, ఇంటిని తమదిలా చూసుకునే కుటుంబానికి పెంపులో కాస్త పట్టువిడుపు చూపితే అది దయాదాక్షిణ్యం కాదు, లాభసాటి బేరమే. ఎంత పెంచేదీ మొదటిరోజే కాగితం మీద రాసుకుంటే ఏటా పంచాయితీ ఉండదు.

బోర్డు మీద రాసే షరతులకూ ఖరీదుంటుంది. ‘ఫ్యామిలీకి మాత్రమే’, ‘వెజిటేరియన్లకే’, ‘బ్యాచిలర్లకు ఇవ్వబడదు’ అని ఒక్కో షరతూ చేర్చినకొద్దీ ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు తగ్గుతారు, ఇల్లు ఖాళీగా ఉండే రోజులు పెరుగుతాయి. సకాలంలో అద్దె కట్టడానికీ, వంటింట్లో ఏం వండుతారన్నదానికీ సంబంధం లేదు.

ఆషాఢం వచ్చేలోగా...

మన దగ్గర ఇళ్లు మారడానికీ ఓ కాలం ఉంది. పరీక్షలయ్యాక, బడులు తెరిచేలోగా ఏప్రిల్, మే నెలల్లో కుటుంబాలు ఎక్కువగా మారతాయి. ఆషాఢం వచ్చిందంటే పాలు పొంగించేవాళ్లు తగ్గిపోతారు. మళ్లీ కదలిక శ్రావణంలోనే. పుష్యమాసంలో, మూఢంలోనూ అంతే.

ఇక్కడే ఓ చిక్కుంది. శ్రావణం రాగానే దిగినవాళ్లతో 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటే అది ఎప్పుడు ముగుస్తుంది? అధికమాసం లేని ఏడాదైతే జ్యేష్ఠం చివర, సరిగ్గా ఆషాఢం ముంగిట! వాళ్లు గడువు తీరగానే వెళ్లిపోతే ఓనరుకు ఓ నెల ఖాళీ ఖాయం. అందుకే మొదటి అగ్రిమెంటును తొమ్మిది నెలలకు రాసుకుని తర్వాత పొడిగించుకునేవాళ్లూ ఉన్నారు. అలా కుదరకపోతే గడువుకు రెండు నెలల ముందే ‘ఉంటారా, మారతారా’ అని మర్యాదగా అడిగి తెలుసుకోవాలి. వాళ్లుండగానే టులెట్ బోర్డు పెట్టుకునే వీలుంటుంది.

11 నెలలే ఎందుకు?

అద్దె అగ్రిమెంటు అనగానే 11 నెలలంటారు. కారణం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని అది చెబుతోంది. ఆ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికే ఈ 11 నెలల పద్ధతి. అందులో తప్పేమీ లేదు. తప్పల్లా మూడేళ్లకో, అయిదేళ్లకో ఒప్పందం రాసుకుని స్టాంపు పేపరు మీద సంతకాలతో సరిపెట్టుకోవడం. రేపు గొడవై కోర్టుకెళ్తే, రిజిస్టర్ చేయని ఆ కాగితంలోని షరతులను సాక్ష్యంగా నిలబెట్టుకోవడం కష్టం.

మరో అపోహ నోటరీ గురించి. నోటరీ ముద్ర వేయిస్తే రిజిస్ట్రేషన్ అయిపోయినట్లు చాలామంది అనుకుంటారు. నోటరీ సంతకాలకు సాక్ష్యం చెబుతుందంతే. రిజిస్ట్రేషన్ అంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో జరిగేదే. దుకాణాలకు, ఆఫీసులకు ఎక్కువ ఏళ్లకు ఇచ్చేటప్పుడు ఆ ఖర్చుకు వెనకాడకూడదు.

అగ్రిమెంటులో అద్దె, అడ్వాన్సు, ఏ తేదీలోగా కట్టాలి, ఏటా పెంపు, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి, కరెంటు, నల్లా బిల్లులు ఎవరివి, ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలి, వేరొకరికి అద్దెకివ్వకూడదన్న షరతు... ఇవన్నీ స్పష్టంగా ఉండాలి. నోటీసు సంగతి రాసుకోకపోతే, నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పే గడువు 15 రోజులే. హఠాత్తుగా ఖాళీ చేస్తే ఓనరుకు ఇబ్బంది, హఠాత్తుగా వెళ్లమంటే అద్దెకున్నవారికి ఇబ్బంది. ఒకటి లేదా రెండు నెలలని రాసుకోవడం ఇద్దరికీ మంచిది.

12 ఏళ్లుంటే ఇల్లు వాళ్లదేనా?

ఓనర్లను బాగా భయపెట్టే మాట ఇది. ఆ భయంతోనే నిక్షేపంలాంటి కుటుంబాన్ని ఖాళీ చేయించి కొత్తవాళ్లను వెతుక్కునేవాళ్లున్నారు. నిజానికి ఓనరు అనుమతితో, అద్దె కడుతూ ఉన్న వ్యక్తి ఎన్నేళ్లున్నా అద్దెదారే. యజమాని హక్కును కాదని, బహిరంగంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు స్వాధీనంలో ఉంచుకున్నవారి గురించి కాలపరిమితి చట్టం చెప్పే మాటను అందరికీ అన్వయించడంతో వచ్చిన చిక్కిది. అద్దెకు దిగిన మనిషి ‘ఇల్లు మీది కాదు’ అని ఓనరుతో వాదించడాన్ని సాక్ష్య చట్టం ఒప్పుకోదు.

అయితే అజాగ్రత్త పనికిరాదు. అద్దెదారు అని రుజువు చేసే కాగితం ఉండాలి. బంధువులకో, స్నేహితులకో ‘ఊరికే ఉండండి’ అని ఇల్లు అప్పగించి ఏళ్ల తరబడి అటు చూడకపోవడం, అద్దె చేతికే తీసుకుని రసీదు ఇవ్వకపోవడం - చిక్కులు మొదలయ్యేది ఇలాంటి చోట్లే. అద్దెను బ్యాంకు ఖాతాలోకి వేయించుకోండి. నెలనెలా పాస్‌బుక్కులో పడే ఆ ఒక్క వరసే గట్టి సాక్ష్యం. అగ్రిమెంటు గడువు తీరగానే కొత్తది రాసుకోండి. ఒప్పందం ముగిశాక ఖాళీ చేయించేందుకు దావా వేయడానికి 12 ఏళ్ల గడువుంది. బాకీపడ్డ అద్దె వసూలుకు మాత్రం మూడేళ్లే. ‘చూద్దాంలే’ అంటూ వాయిదా వేస్తే పాత బాకీలు చేజారిపోతాయి.

అడ్వాన్సు మీది కాదు

హైదరాబాద్‌లో ఇళ్లకు సాధారణంగా రెండు, మూడు నెలల అద్దె అడ్వాన్సుగా తీసుకుంటారు. బెంగళూరులో పది నెలల అద్దె అడగడం చాలాకాలం ఆనవాయితీ. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించకూడదంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

ఎంత తీసుకున్నా అది ఓనరు సొమ్ము కాదు, తిరిగివ్వాల్సిన బాకీ. ఖాళీ చేసే రోజున ‘కొత్తవాళ్లు దిగాక ఇస్తాం’ అనడం అందుకే వస్తుంది - ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయి ఉంటుంది కాబట్టి. విడిగా ఓ డిపాజిట్‌లో వేసి ఉంచితే ఆ బాధ ఉండదు, వడ్డీ కూడా కలిసొస్తుంది.

అడ్వాన్సులో కోతలే అసలు తగాదా. దిగేరోజే ఇద్దరూ కలిసి గది గదికీ ఫొటోలు తీసుకోవాలి. ఫ్యాన్లు, లైట్లు, గీజరు, కుళాయిలు, తాళంచెవులు ఎన్నో రాసుకోవాలి. కరెంటు మీటరు రీడింగు నోట్ చేసుకోవాలి. ఆ కాగితం మీద రెండు సంతకాలు. వెళ్లేరోజు దాన్నే ముందు పెట్టుకుని చూసుకుంటే మాటా మాటా పెరగదు. మూడేళ్లు కాపురముంటే గోడలు మాయడం సహజం. దానికి డబ్బు పట్టుకోవడం న్యాయం కాదు. పగిలిన వాష్‌బేసిన్ సంగతి వేరు. రంగులకు ఎంత తీసుకుంటారో ముందే అంకె రాసుకోవడం మేలు.

రిపేర్లలోనూ ఇదే స్పష్టత కావాలి. గోడలో లీకేజీ, పైకప్పు చెమ్మ, వైరింగు లాంటివి ఓనరువి. బల్బులు, కుళాయి వాషర్లు అద్దెదారువి. ఓనరు చేయించాల్సిన రిపేరును చెప్పినా పట్టించుకోకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకునే వీలును ఆస్తి బదిలీ చట్టమే ఇచ్చింది. పైగా ఈ వానాకాలం 500 రూపాయలతో పోయే చెమ్మ, వచ్చే వానాకాలానికి ప్లాస్టరింగు దాకా తెస్తుంది.

పన్ను వేసేది మొత్తం అద్దెమీద కాదు

అద్దె ఆదాయాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపాల్సిందే. ఏడాదికి లక్ష దాటి అద్దె కట్టే ఉద్యోగి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు ఇస్తారు కాబట్టి దాచినా దాగదు.

చట్టం ఇచ్చే వెసులుబాటు కూడా తెలుసుకోవాలి. అద్దెలోంచి ముందుగా ఓనరు ఆ ఏడాది కట్టిన ఇంటిపన్ను తీసేయాలి. మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద మినహాయింపు. నిజంగా ఎంత ఖర్చయిందో బిల్లులు చూపనక్కర్లేదు. ఏడాదంతా అద్దె వస్తే మన ఉదాహరణలో 2,16,000లోంచి ఇంటిపన్ను 6,000 పోను 2,10,000. అందులో 30 శాతం అంటే 63,000. పన్ను లెక్కకు వచ్చేది 1,47,000. లోను ఉంటే దాని వడ్డీని ఇందులోంచే తీసేయొచ్చు. వడ్డీ ఎక్కువై నష్టం వస్తే, పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా జీతం వంటి ఇతర ఆదాయంతో సర్దుబాటు చేసుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు. ఏ విధానమో ఎంచుకునేముందు ఈ ఒక్క తేడా చూసుకోవాలి.

ఓనరు అక్కడ, ఇల్లు ఇక్కడ

విదేశాల్లో ఉన్న మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఓనరు ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దె ఎంత తక్కువైనా సరే, అద్దెదారు టీడీఎస్ కోసి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. అది 30 శాతం, దాని మీద సెస్సు కలిపితే 31.2 శాతం. మనదేశంలోనే ఉండే ఓనరుకైతే నెలకు 50,000 దాటి అద్దె కట్టే వ్యక్తులు కోయాల్సింది 2 శాతమే. 2024 అక్టోబరుకు ముందు అది 5 శాతం ఉండేది. కాబట్టి ‘ఓనరు అమెరికాలో ఉంటారు’ అన్నమాట అద్దెదారుకు ముందే చెప్పాలి. ఎక్కువగా కోసిన పన్నును రిటర్ను వేసి వాపసు తీసుకోవచ్చు. లేదంటే తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. అద్దెను ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో వేయించుకోవాలి.

తమ్ముడికో, బావమరిదికో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేటప్పుడు అద్దెకివ్వడం, వసూలు చేయడం, సంతకాలు పెట్టడం వరకే పరిమితం చేయాలి. అమ్మే అధికారం కలిపి ఇవ్వనక్కర్లేదు. విదేశంలో రాసిన ఆ పత్రం మనదేశానికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఏడాదికోసారి ఈసీ తీసి చూసుకుంటే ఇంటిమీద తెలియకుండా ఏ లావాదేవీ జరిగినా బయటపడుతుంది.

ఖాళీ చేయకపోతే...

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి అద్దె ఆగిపోతుంది, మనిషి కదలడు. అప్పుడు ఓనరుకు తోచేది కరెంటు పీకేయడం, నల్లా కట్టేయడం, తాళం మార్చేయడం. ఈ మూడింటిలో ఏది చేసినా న్యాయం చేతులు మారిపోతుంది. చట్టప్రకారం కాకుండా బయటికి పంపేసిన వ్యక్తి ఆరు నెలల్లోగా కోర్టుకెళ్లి తిరిగి స్వాధీనం కోరవచ్చని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం చెబుతోంది. అద్దె బాకీ ఉన్నవాడే ఫిర్యాదుదారు అవుతాడు!

మొదటి నెల ఆగినప్పుడే ఫోనులో మాట్లాడాలి. ఉద్యోగం పోయిందా, ఇంట్లో జబ్బు చేసిందా అని కనుక్కోవాలి. వాయిదాలకు ఒప్పుకుంటే అది రాతలో ఉండాలి. రెండో నెలా ఆగితే లాయరు ద్వారా నోటీసు. ఇల్లు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర అద్దె చట్టమే వర్తిస్తుంది కాబట్టి స్థానిక న్యాయవాది సలహా తప్పనిసరి.

వీటిలో చాలావాటికి అవకాశం రాకుండా చేసేది దిగేముందు పెట్టే ఓ గంట. ఉద్యోగం ఎక్కడో చూడటం, గుర్తింపు కార్డు ప్రతి తీసుకోవడం, అద్దెదారు వివరాలు పోలీస్ స్టేషన్లో ఇవ్వడం ఎలాగూ చేయాల్సినవే. అన్నిటికన్నా ముఖ్యం - వాళ్లు అంతకుముందున్న ఇంటి ఓనరుకు ఓ ఫోను. ‘అద్దె ఎన్నో తేదీకి ఇచ్చేవారండీ?’ అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు చాలు.

ఆ ఫోను రెండువైపులా మోగుతుందన్నది ఓనర్లు మరిచిపోయే విషయం. వెళ్లిపోతున్న కుటుంబాన్ని కొత్తగా ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు మెట్లమీదే ఆపి ‘ఓనర్లు ఎలాంటివాళ్లండీ’ అని అడుగుతారు. అడ్వాన్సు లెక్క తేల్చి, చివరిరోజే చేతిలో పెట్టి పంపిన ఓనరుకు వాళ్లే బ్రోకరు అవుతారు. ఆ నెల ఇల్లు ఖాళీగా ఉండదు, కమిషనూ ఉండదు.